దించని గాలి

మా చిన్న ట్రక్కుకు వెనక గాలి బెలూన్లు వేయించిన రోజు ఊరంతా తిరిగి చూపించుకున్నాను. అంత పొగరు నాకు. అంతకు ముందు పత్తి బోరాలు వేసుకుని ఆదోని మార్కెట్‌కు పోతుంటే బండి తోక నేలకు దిగబడేది, ముందు లైట్లు చెట్లకొమ్మల మీద పడేవి, స్టీరింగు చేతిలో ఉన్నట్టే ఉండేది కాదు. ఎమ్మిగనూరులో ఒక మెకానిక్ వెనక బరువు మోసే కమాన్ పట్టీల మీద రెండు రబ్బరు బెలూన్లు బిగించాడు. టైరుకు కొట్టినట్టే వాటికీ గాలి కొట్టాలి. కొడితే ఎంత లోడు వేసినా బండి వంగదు.

"బరువేసినప్పుడు నింపన్నా. బరువు దించినంక గాలీ దించు. మరిస్తివా, ఖాళీ బండి ఎద్దు తన్నినట్ల తంతాది," అన్నాడతను.

దించడం నిమిషం పని. వాల్వులో పిన్ను నొక్కితే చాలు. మళ్ళీ నింపడమే తలనొప్పి. మా ఊళ్ళో గాలి మిషను లేదు, కౌతాళంలో పంక్చరు షాపుదాకా పోవాలి. పత్తి కాలంలో మా బండికి రెండు పనులుండేవి. పొద్దున ఆడకూలీలను చేనుకు చేర్చాలి, సాయంత్రం వాళ్ళు ఏరిన పత్తిని ఆదోనికి తోలాలి. రోజూ దించి రోజూ నింపే ఓపిక ఎవరికుంది? సాయంత్రం ఎట్లాగూ బరువే కదా అని గాలి అట్లాగే ఉంచేవాణ్ణి. బెలూన్లు వేయించిన మా పక్క బండ్లవాళ్ళ తెలివీ ఇంతే.

కూలీలు గుంత గుంతకూ ఎగిరిపడేవాళ్ళు. "ఏం బండప్పా ఇది, పేగులు నోట్లోకొస్తాండాయి!" అని తిట్టేవాళ్ళు.

"పల్లకీ కావాల్నా మీకు?" అని నవ్వేవాణ్ణి. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ కూలీల్లో నా భార్య కూడా ఉండేది. వయసు మళ్ళినవాళ్ళను ముందువైపు కూర్చోబెట్టి, తాను వెనక చక్రం మీది రేకు మీద కూర్చునేది. ఆ పొద్దున కాలువ వంతెన ఎత్తు దగ్గర నేను వేగం తగ్గించలేదు. బండి వెనక భాగం పైకి తన్నింది. ఆమె ఎగిరి, అదే రేకు అంచుకు నడుము కొట్టుకుని పడింది. అరుపు కూడా రాలేదు. "కాళ్ళు యాడుండాయో తెలీడంలే," అని మాత్రం అంది.

అంబులెన్సు వచ్చేదాకా ఆగే ధైర్యం లేకపోయింది. మిగతావాళ్ళను అక్కడే దించేశాను. ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని కూర్చుంటే ఆదోనికి తోలాను. బరువు తగ్గిన బండి ఇంకా ఎక్కువ తన్నింది. ప్రతి గుంతకూ ఆమె కేక పెట్టేది. నెమ్మదిగా పోయినా కేకే. సగం దారి పోయాక గానీ నా మొద్దు బుర్రకు తట్టలేదు. పక్కకు ఆపి, ఒక మేకుతో పిన్ను నొక్కాను. బుస్సుమని గాలి పోయింది. బండి తోక మెల్లగా కిందికి దిగింది.

"ఏందా సద్దు?" అని లోపలి నుంచి అడిగింది.

"గాలి తీస్తాండా," అన్నాను.

తర్వాత ఒక పెద్ద గుంత దాటినా కేక వినపడలేదు. బండి ఆపి వెనక్కు పరిగెత్తాను. కళ్ళు తెరుచుకునే ఉంది.

"ఇంత మెత్తగ పోతాదా మన బండి?" అంది.

నేను పోయి మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాను. నాలుగేళ్ళయింది, ఆమె మంచం దిగలేదు. ఒళ్ళు తుడిచేదీ, పక్క తిప్పి పడుకోబెట్టేదీ నేనే. ఆ మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. ఆ పొద్దున ముందే గాలి దించుంటే వంతెన మీద కూడా బండి అంతే మెత్తగా పోయేదని, అందుకు నాకు నిమిషం పట్టేదని ఆమెకు ఇప్పటికీ తెలియదు.