మాత్ర వేశాక మొదలైన ఏడుపు

1986లో గుంటూరులో పిల్లల డాక్టరుగా చేరాను. అంతకుముందు రెండేళ్లు ఒక లాబ్‌లో ఎలుకపిల్లల మెదడు కణాలను గాజు డిష్‌లలో పెంచాను. దాన్ని సెల్ కల్చర్ అంటారు. మొదటి రోజుల్లోనే థైరాయిడ్ హార్మోన్ అందిన కణాల్లో ఎంజైములు, అంటే కణంలోని పనులన్నీ చక్కబెట్టే ప్రొటీన్లు, బాగా పెరిగేవి. ఆలస్యంగా వేస్తే ఎంత వేసినా అంతగా పెరిగేవి కావు. అది కళ్లారా చూసినదాన్ని కనక, థైరాయిడ్ విషయంలో నేను ఎవరి మాటా వినను.

మిరప కోతల రోజుల్లో అద్దంకి వైపు నుంచి కోటేశ్వరి అనే రైతు ఇల్లాలు రెండు నెలల కొడుకును తెచ్చింది. విరేచనం కావడం లేదట. వెంట అత్తగారు. బిడ్డ ఒళ్లు చల్లగా ఉంది, నాలుక బయటికి వచ్చి ఉంది. సూది గుచ్చినా మూలిగాడే తప్ప ఏడవలేదు.

"మావాడు బంగారమండీ. చేలో ఉయ్యాల్లో వేస్తే సాయంత్రం దాకా కిక్కురుమనడు" అంది అత్తగారు గర్వంగా.

పుట్టుకతోనే థైరాయిడ్ లోపమేమోనని నాకు అనుమానం వచ్చింది. పరీక్షకి రక్తం మద్రాసు పంపించి, ఫలితం కోసం ఆగకుండా ఆరోజే థైరాక్సిన్, అంటే ఆ థైరాయిడ్ హార్మోన్ మాత్ర మొదలుపెట్టాను. రోజూ నూరి తల్లిపాలలో పట్టాలని, మానేస్తే బుర్ర ఎదగదని గట్టిగా చెప్పి పంపాను. రిపోర్టు కూడా నా అనుమానమే నిజమంది.

నెల తర్వాత కోటేశ్వరి బిడ్డనెత్తుకుని వచ్చింది. వెంట వచ్చిన అత్తగారు మాత్రల సీసా నా బల్లమీద పెట్టింది.

"ఏం మందిచ్చావమ్మా? బుద్ధిమంతుణ్ణి పాడుచేశావు. ఒకటే ఏడుపు, కాళ్లు తన్నుకోవడం! మందు పడలేదని పదిరోజుల కింద మానిపించా."

నాకు ఒళ్లు మండిపోయింది. అంతలో కోటేశ్వరి మెల్లిగా నోరు విప్పింది.

"ఏడ్చినా పాలు బాగా తాగాడండీ. నన్ను చూసి నవ్వాడు కూడా. మందు ఆపాక మళ్లీ నవ్వట్లేదు."

"మందు లేనప్పుడు వీడు బుద్ధిగా పడుకోలేదమ్మా, ఏడ్చే ఓపిక లేక పడున్నాడు. ఆ ఏడుపే మందు పనిచేస్తున్న గుర్తు" అన్నాను.

పెద్దావిడ ముఖం పాలిపోయింది. "ఆ ముక్క ముందే చెప్పొద్దా డాక్టరమ్మా? నా చేత్తోనే ఆపానే!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

నాకు సిగ్గేసింది. మానేస్తే ఏమవుతుందో చెప్పాను గానీ వేస్తే ఏమవుతుందో చెప్పలేదు. ఆ పదిరోజులు పోయింది నావల్లే. ఆ తర్వాత ఆవిడే ఒక్కరోజూ తప్పకుండా మాత్ర వేసింది. పిల్లాడు కాస్త ఆలస్యంగా నడిచినా, వేళకే బళ్లో చేరాడు.

ఆనాటి నుంచి ఈ మాత్ర రాసిన ప్రతి ఇంటివాళ్లనీ కూర్చోబెట్టి చెబుతాను: "ఇక మీవాడు ఇల్లు పీకి పందిరేస్తాడు. వెయ్యనివ్వండి."