నవలల బీరువాలోకి వెళ్ళిన జీవిత చరిత్ర

మా నర్సీపట్నం లైబ్రరీలో ఏళ్ళ తరబడి లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైన మాస్టారు పోయారు. ఆ కబురు నాకు బస్టాండులో తెలిసింది. రావికమతం బస్సు కోసం నిలబడి ఉంటే, ఒకప్పుడు లైబ్రరీలో అటెండరుగా చేసినాయన సైకిలు దిగి నా దగ్గరకొచ్చాడు.

"టీచరుగారూ, మన మాస్టారు ఎల్లిపోయారండి. నాలుగు రోజులైంది. మీకు ఎవులూ సెప్పనేదా?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినంత దగ్గరగా నేను లేను మరి. ఆరేళ్ళ కిందటైతే ఈ ఊళ్ళో ఆ కబురు ముందు నాకే వచ్చేది. బస్సు వచ్చింది, జనం ఎక్కారు, వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను.

ఊరంతా ఆయన్ని లైబ్రరీ మాస్టారు అనే పిలిచేవారు. నిజానికి ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. కోటవురట్ల అవతల పల్లెలో చెరుకు పండించుకునే ఇంట పుట్టి, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు తనంతట తానే నేర్చుకున్నారు. మాట మాత్రం చివరిదాకా ఊరి మాటే. పొద్దున బస్సు దిగి వస్తూనే వారపత్రికల్ని పురికొసతో బల్లకు కట్టేవారు, ఎవరూ చంకన పెట్టుకు పోకుండా. వేలు నాలిక్కి రాసుకుని పేజీ తిప్పేవాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. ఒక్క మాటా అనకుండా తడి స్పాంజి డబ్బా తెచ్చి వాళ్ళ ముందు పెట్టి పోయేవారు. టైమైందని కూడా నోటితో చెప్పేవారు కాదు, కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చేవారు. ఆఖరి కిటికీ పక్కన చోటు కోసం మేం పోటీ పడేవాళ్ళం.

డెబ్బైల నడుమ నేను ఈ ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరాను. విశాఖపట్నంలో ట్రైనింగు చేసేటప్పుడు ఆదివారం మార్నింగ్ షోలకు వేసే పాత ఇంగ్లీషు సినిమాలు తెగ చూసేదాన్ని. వాటిలో ఒక హాలీవుడ్ నటి అంటే నాకు పిచ్చి. ఆవిడ పేరు ఇక్కడ చెప్పను. ఆ పేరును ఒకసారి ఇష్టమొచ్చినట్టు వాడుకున్నాను, అది చాలు. ఆవిడ చనిపోయి అప్పటికే చాలా ఏళ్ళు. ఆవిడ జీవితాన్ని తెలుగులో సీరియల్‌గా రాయాలని ఒక వారపత్రికకు ఉత్తరం రాశాను. "రాయండి, కానీ చదివించేలా ఉండాలి" అని ఎడిటరుగారి కార్డు వచ్చింది. ఆ కార్డు పట్టుకుని పరుగున లైబ్రరీకి వెళ్ళాను.

ఎవరో డాక్టరుగారు ఊరు వదిలి పోతూ తన ఇంగ్లీషు పుస్తకాలన్నీ లైబ్రరీకి ఇచ్చి వెళ్ళారు. వాటిలో ఆవిడ జీవిత చరిత్రలు రెండున్నాయి. ఒకటి లావుపాటిది, అట్ట మీద ఆవిడ నవ్వుతున్న రంగుల ఫొటో. రెండోది సన్నగా, బొమ్మ ఒక్కటీ లేకుండా, చిన్న చిన్న అక్షరాలతో ఉంది. మాస్టారు రెండూ తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఏది బాగుంటుంది మాస్టారూ?" అన్నాను.

"బాగుండడం వేరమ్మా, నమ్మడం వేరు. నీకేది కావాల?"

ఆయన రెండు పుస్తకాల్నీ తిరగేసి చివరి పేజీలు తెరిచారు. "ముందిక్కడ సూడు. ఈ మాట నాకు పలానా వోరు సెప్పారు, ఈ ఉత్తరం పలానా సోట సూశాను, అని రాశాడా నేదా? ఈ సన్న పుస్తకంలో ముప్పై పేజీలు అదే. ఆ లావుదాంట్లో ఒక్క ముక్క నేదు." తర్వాత లావు పుస్తకం మధ్యలో ఒక పేజీ తీశారు. "ఇది సదువు. మొగుడూ పెళ్ళాం తలుపేసుకుని తగువాడుకున్నారంట. ఆ తగువంతా పొల్లు పోకుండా రాసీసినాడు. అప్పుడీయన ఎక్కడున్నాడమ్మా, మంచం కిందా?"

నేను పగలబడి నవ్వాను. పేపరు చదువుకునేవాళ్ళంతా తలెత్తి చూశారు. ఆయన మాత్రం నవ్వలేదు. "ఇది నాకు తెలీదు అని ఎక్కడో ఒక సోట రాసినోడిని కొంచెం నమ్మొచ్చు. అన్నీ తెలిసినోడితోనే బయం" అన్నారు. రెండు పుస్తకాలూ నా చేతికిచ్చారు.

ఆయన ఆవిడ సినిమా ఒక్కటి కూడా చూడలేదు. అసలు ఇంగ్లీషు సినిమా గడపే తొక్కలేదు. అయినా ముక్కూ మొహం తెలియని ఆ మనిషికి అన్యాయం జరగకూడదని ఆయనకెందుకంత పట్టుదలో నాకప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనుకోలేదు. లావు పుస్తకాన్ని రెండు రోజుల్లో నమిలి మింగేశాను. సన్నది పది పేజీలు చదివేసరికి ఆవులింతలు వచ్చాయి. తిరిగి ఇచ్చేటప్పుడు "రెండూ చదివేశాను మాస్టారూ" అని అబద్ధమాడాను. సన్న పుస్తకంలోంచి ఆయన ఏదో అడిగారు. నేను నీళ్ళు నమిలాను. సరే అన్నట్టు తలూపి పుస్తకాలు లోపలికి పట్టుకెళ్ళారు.

సీరియల్ మొదలైంది. నర్సీపట్నంలో నా పేరు మోగిపోయిందంటే అతిశయం కాదు. బజార్లో కూరగాయలమ్మే ఆవిడ కూడా "ఆ దొరసాని కతేటైందమ్మా?" అని అడిగేది. అన్నింటికన్నా పేరొచ్చింది పదకొండో వారానికి. తల్లి చనిపోయిన రోజున కూడా ఆ నటి షూటింగు మానలేదనీ, సాయంత్రం పార్టీకి వెళ్ళి డాన్సు చేసిందనీ లావు పుస్తకంలో ఉంది. నాకది చాలలేదు. "అమ్మ పోయిందా? అయితే సాయంత్రానికి ఏ గౌను వేసుకోమంటావు?" అని ఆమె అడిగినట్టు రాశాను. ఆ మాట లావు పుస్తకంలో కూడా లేదు. అది నా సొంతం. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు దేని మీదా రాలేదు. ఆడపిల్లలు సినిమాల్లోకి పోతే అంతేనని ఒక పెద్దాయన రెండు పేజీలు రాశారు. నాకు గర్వమే తప్ప సిగ్గు కలగలేదు.

మన ఇళ్ళల్లో సీరియళ్ళు కత్తిరించి బైండు చేయించుకోవడం మామూలే కదా. మా స్కూల్లో తెలుగు పంతులమ్మగారి అమ్మగారు నా సీరియల్ వారాలన్నీ దాచి, ఎర్ర రెక్సిన్ అట్టతో బంగారు అక్షరాలు వేయించి నాకు బహుమతిగా ఇచ్చారు. నేను దాన్ని నేరుగా లైబ్రరీకి తీసుకెళ్ళి ఇచ్చాను. మాస్టారు రెండు చేతులతో అందుకున్నారు, ముద్ర వేశారు, నంబరు రాశారు. నాలుగు రోజుల తర్వాత వెళ్ళి జీవిత చరిత్రల బీరువా వెతికితే నా పుస్తకం లేదు. అది నవలల బీరువాలో, రెండు డిటెక్టివ్ నవలల మధ్య ఉంది.

"ఇది జీవిత చరిత్ర కదా మాస్టారూ!"

"అలాగే మొదలెట్టావమ్మా. ఆవిడ తల్లి సచ్చిపోయిన కాడ నవల్లోకి ఎల్లిపోయావు." సన్న పుస్తకం తెచ్చి, చీటీ పెట్టిన పేజీ నా ముందు తెరిచారు. "ఇదోపాలి సదువు. ఆ ముక్క తప్పని పేపరుకి ఒక్క ఉత్తరం రాసీ, ఏసేస్తారు. రాసినాక నానే ఆ బీరువాలోకి మారుస్తాను. 'నానా మాట అన్నేదు' అని సచ్చిపోయిన ఆవిడ వొచ్చి సెప్పుకోనేదు కదమ్మా!"

ఆ పేజీ చదవడానికి రెండు నిమిషాలు పట్టేది. చదవలేదు. అందరూ వింటుండగా నేనన్న మాట ఇది: "ఒక్క ఇంగ్లీషు సినిమా చూడని మీకేం తెలుసు? పుస్తకాలకు అట్టలేసుకునే పని మీది, అది చూసుకోండి."

ఆయన పుస్తకం మూశారు. టైము కాకుండానే కిటికీలు మూయడం మొదలుపెట్టారు. అంత మంచి మనిషిని అంతమందిలో అంత మాట అన్నాను. తలుచుకుంటే ఈరోజుకీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత చాలాకాలం నేను లైబ్రరీ గడప తొక్కలేదు. ఆయన రిటైరయ్యారని విన్నాను, వీడ్కోలు సభకు కూడా వెళ్ళలేదు. ఆ గొడవ జరిగిన రెండేళ్ళకు, పిల్లలకు వ్యాసాల పోటీ పెట్టాల్సి వచ్చి లైబ్రరీకి వెళ్ళినప్పుడు, ఎందుకో సన్న పుస్తకం అడిగాను. అటెండరే తెచ్చిచ్చాడు. చీటీ అదే పేజీలో ఉంది.

ఆ పేజీలో ఉన్నది ఇన్నాళ్ళకు ఇక్కడ చెబుతున్నాను. తల్లి పోయిందన్న టెలిగ్రాం వచ్చిన రోజున దాన్ని ఆవిడ చేతికి ఇవ్వలేదు. షూటింగు ఆగిపోతుందని నిర్మాత మూడు రోజులు దాచాడు. పార్టీకి వెళ్ళేటప్పటికి ఆవిడకు తల్లి పోయిన సంగతే తెలియదు. తెలిసేసరికి ఖననం కూడా అయిపోయింది. ఆ టెలిగ్రాం రచయిత ఎక్కడ చూశాడో, నిర్మాత గుమాస్తా ఏమని చెప్పాడో చివరి పేజీల్లో వివరంగా ఉంది. గౌను గురించి అడిగిన మాట ఎక్కడా లేదు. ఎందుకుంటుంది?

పత్రికకు ఉత్తరం రాయబోయాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చింపేశాను. ఎడిటరుగారు ఏమనుకుంటారో, ఊరు ఏమంటుందో, పిల్లలు ఎలా చూస్తారో అనుకున్నాను. సముద్రాలవతల చనిపోయిన మనిషి కోసం ఇక్కడ పరువు తీసుకోవడం దేనికని కూడా అనుకున్నాను. మాస్టారి ఊరు ఇక్కణ్ణించి బస్సులో గంట కూడా పట్టదు. వెళ్ళి మీరన్నదే నిజమని ఒక్క మాట చెప్పి రావచ్చు. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ నాలుగేళ్ళు గడిపేశాను.

కబురు తెలిసిన మర్నాడు సెలవు పెట్టి వెళ్ళాను. మాస్టారి భార్యను అంతకు ముందెప్పుడూ చూడలేదు. నేను ఫలానా అని చెప్పగానే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వేనా టీచరమ్మవి! నీ కతంతా నాకు సదివి వినిపించారమ్మా, వారం వారం. బాగా రాస్తాదని మెచ్చుకునీవోరు."

నన్ను మంచం మీద కూర్చోబెట్టి ఆవిడే చెప్పుకుపోయారు.

"నువ్వు ఆ సన్న పుస్తకం పట్టుకెల్లినావని ఆ లైబ్రరీ సైకిలాయనొచ్చి సెప్పినాడు. ఆ రోజు ఈయన సంతోసం సూడాలి! 'టీచరమ్మ సదివింది, ఇంక ఊరుకోదు, పేపరుకి రాసీసుద్ది' అన్నారు. అప్పట్నించి ఆ పేపరు పోస్టులో తెప్పించీవోరు. ఉత్తరాల పేజీ ముందు సూసీవోరు. కళ్ళు ఆనకపోతే బూతద్దం ఎట్టుకునీవోరు. 'టీచరమ్మ పంపీసే ఉంటాదే, పేపరోళ్ళే ఆలీసం సేస్తన్నారు' అనీవోరు. నాలుగేళ్ళమ్మా."

ఆవిడ లోపలికి వెళ్ళి, విప్పని వారపత్రిక ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. చుట్టిన కాగితం మీద మాస్టారి పేరు టైపు చేసి ఉంది.

"ఈ వారంది నిన్ననే వొచ్చింది. నాకు సదువు రాదు. నువ్వే ఓపాలి సూడమ్మా."

కాగితం చింపాను. ఉత్తరాల పేజీ తీశాను. కరెంటు కోతల గురించి ఒకటి, ఎవరి కథో బాగుందని ఒకటి, ముఖచిత్రం నచ్చలేదని ఒకటి. మొత్తం ఏడు ఉత్తరాలు. ఒక్క అక్షరం వదలకుండా పై నుంచి కింది దాకా చదివాను. తలెత్తితే ఆవిడ నా ఎదురుగా నేల మీద కూర్చుని, నా మొహం కేసే చూస్తున్నారు.

"ఉందేటమ్మా?" అని అడిగారు.