కంపుపొద పీకిన చేతులు

మా చిన్నప్పుడు... మాచర్ల దగ్గర మా ఊరి గుట్టెక్కాలంటే ముందు ముక్కు మూసుకునేవాళ్లం. వాలంతా మోకాలెత్తు పొదలు. ముక్కుపుడకంత ఊదాపూలు. చూస్తే ముద్దొచ్చేవి... ముట్టుకుంటే మాత్రం మురిగిన గుడ్డు చేతిలో పగిలినట్టే! కంపుపొద అనేవాళ్లం.

ఆ ఏడు అమ్మకు జబ్బు చేసి పాలు ఎండిపోయాయి. మూడు నెలల తమ్ముడికి పక్కింటి మేకపాలే దిక్కు. వాడేమో ఉగ్గుగిన్నె నోట పెట్టగానే కక్కేవాడు. నేనూ వాసన చూశాను... ఒకటే కంపు. రోజురోజుకీ వడిలిపోతున్నాడు వాడు.

నాయనమ్మ తేల్చేసింది. "మేకలు ఆ కంపుపొద మేస్తన్నయ్యే, ఇంకేంది? పోయి మొదలంటా పీకండి. ఒక్కటి మిగిలినా మీకు అన్నం లేదు."

వీధి పిల్లలమంతా నాలుగు రోజులు పీకాం. చేతులకు పట్టిన జిగురు బూడిదతో తోమినా పోలేదు. అన్నం ముద్ద నోటిదాకా వస్తే వాంతి... గుట్ట మాత్రం బోడిగుండైంది.

పాలది అదే కంపు!

కూతురి పురుడుకు పోయిన పక్కింటి మేకల మరియమ్మత్త ఐదోరోజు తిరిగొచ్చింది. దొడ్లోకి తొంగిచూసి మొగుడి మీద విరుచుకుపడింది. "ఏమయ్యో, మేకపోతును పాలమేకల పక్కన కట్టేసినవా? దాని కంపంతా పాలకు పట్టదా? నీకు ముక్కుందా లేదా?"

గుట్ట సంగతి విని నెత్తి కొట్టుకుంది. "నా మేకలు ఆ పొద దిక్కైనా చూడవు గదత్తా!"

"అయితే ఏందిలే, కంపుదేగా" అంది నాయనమ్మ.

పోతును దూరంగా కట్టాక రెండురోజులకు తమ్ముడు గిన్నెడు పాలు తాగి నిద్రపోయాడు.

మొన్న గుంటూరు కాలేజీలో మా బోటనీ మేడం పాత అట్టకు అంటించిన ఎండుమొక్క చూపించారు. "మాచర్ల దిక్కు ఒక్క గుట్టమీదే ఉండేది. ఇంకెక్కడా దొరకలేదు."

ముక్కుపుడకంత పూలు... రంగు పోయింది. వంగి వాసన చూశాను. కాగితం వాసన.

నా చేతుల మీద నాకే రోత పుట్టింది.

సెలవులకు పోయి గుట్టంతా తిరిగాను. "ఏందక్కా, కుక్కలాగా వాసన చూస్తన్నవ్?" అని వెంటొచ్చిన తమ్ముడు ఒకటే నవ్వు. ఎండుగడ్డి వాసన తప్ప ఏమీ తగల్లేదు.

మీ ఊళ్లోనూ కంపని పీకేసిన పొద ఏదైనా ఉండేదా? ఎలా ఉండేదో, ఏం వాసనేసేదో రాయండి... చదివితే డోకొచ్చినా సరే.