మార్చిన బండికి మినహాయింపు లేదు

రెండేళ్ల వయసులో పోలియో వచ్చి నా ఎడమ కాలు చచ్చుబడింది. టీచర్ ఉద్యోగం వచ్చాక భద్రాచలంలో గది కిరాయికి తీసుకున్నాను. బడి అక్కడికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, అడవి మొదలయ్యే ఊళ్లో ఉండేది. షేర్ ఆటో నిండితే గాని కదిలేది కాదు, నిండాక నా కాలు చాపుకోవడానికి చోటుండేది కాదు. చంకకర్రను డ్రైవర్ తన సీటు పక్కన ఇరికించేవాడు. మలుపులో అది జారి ఎవరికైనా తగిలితే మాటలు పడేది నేను. మూడేళ్లు అలా తిరిగి, ఇక నా వల్ల కాదనుకుని స్కూటర్ కొన్నాను.

కొన్నది ఖమ్మంలో. నాన్న బొగ్గు గనిలో ఫిట్టర్‌గా చేసి రిటైరై, ఆ ఊళ్లోనే ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకున్నాడు. స్కూటర్ వెనక రెండు పక్కచక్రాలు బిగించేటప్పుడు మెకానిక్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. మెకానిక్ చక్రాలకు బిగించిన ఇనప పట్టీ ఆయనకు నచ్చక విప్పించి, తానే కొలతలు గీసిచ్చి మళ్లీ చేయించాడు. ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చి ఆవరణలో నాకు నడపడం నేర్పాడు. మొదటిసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆవరణ చివరిదాకా వెళ్లొచ్చి ఆగితే, ఆయన ముఖం పక్కకు తిప్పుకుని పట్టీ బిగుతు చూస్తున్నట్టు వంగాడు.

బండికి పర్మనెంట్ నంబరు కావాలంటే లైఫ్ ట్యాక్స్ కట్టాలి. రవాణా ఆఫీసు గోడ మీద మాత్రం, పన్ను మినహాయింపు ఉన్నవాటి జాబితాలో 'వికలాంగుల వాహనాలు' అని నీలిరంగు అక్షరాలతో రాసి ఉంది. ఆ గోడను నమ్ముకునే దరఖాస్తు పెట్టాను. టెంపరరీ నంబరు నెల రోజులే చెల్లుతుంది. ఆలోగా పని అయిపోతుందనుకున్నాను.

మొదటిసారి వెళితే మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తెమ్మన్నారు. నా దగ్గర ఉన్నది, ఉద్యోగం ఇచ్చేటప్పుడు ప్రభుత్వమే చూసి ఒప్పుకున్నది, పాతదట.

"కాలు అదే సార్," అన్నాను.

"కాలు అదే అయినా తారీఖు కొత్తది కావాలె మేడం," అన్నాడు గుమాస్తా.

బోర్డు వారానికి ఒక్కరోజే కూర్చుంటుంది. సెలవు పెట్టి, భద్రాచలం నుంచి పొద్దున్నే బస్సెక్కి, జిల్లా దవాఖానా వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. డాక్టరు కాలిని టేపుతో కొలిచి, తల ఎత్తకుండానే సంతకం పెట్టాడు.

ఆ కాగితంతో మళ్లీ వెళితే, ఈసారి అధికారి చట్టం పుస్తకం తెరిచాడు.

"ఇగో అమ్మా, వికలాంగుల బండి అంటే వాళ్ల కోసమే ప్రత్యేకంగా తయారు చేసింది అయ్యుండాలె. కేవలం మార్పు చేసింది కాదు. మీది మామూలు స్కూటరు. చక్రాలు తర్వాత పెట్టిచ్చిన్రు."

"అట్ల తయారు చేసిన బండి ఖమ్మంల ఎక్కడ దొరుకుతది సార్?"

"అది మా డిపార్ట్‌మెంటు పని కాదు."

నాకు ఒళ్లు మండింది. "నన్ను గూడ దేవుడు ప్రత్యేకంగా గిట్ల తయారు చెయ్యలేదు సార్. మంచిగనే పుట్టిన. పోలియో వచ్చి మారిన. మరి నాకెట్లిచ్చిన్రు సర్టిఫికెట్?"

గుమాస్తా నవ్వాడు. అధికారి నవ్వలేదు. పుస్తకం మూసి, పై ఆఫీసుకు రాస్తానన్నాడు. కుదరదన్న మాటే కాగితం మీద రాసివ్వమని అడిగాను. దానికీ పై ఆఫీసునే అడగాలట.

బయట బెంచీ మీద సత్తుపల్లి నుంచి వచ్చిన ఒకాయన కూర్చున్నాడు. ట్రాక్టరు రిజిస్ట్రేషన్‌కు వచ్చాడు. వ్యవసాయానికని రాయించుకుంటే పన్ను ఉండదని, తాను తోలేది మాత్రం ఇసుక, ఇటుకలేనని మామూలుగా చెప్పాడు.

"మిమ్మల్ని ఏం అడగలేదా?" అన్నాను.

"ఏం అడుగుతరమ్మా? కాగితం మీద వ్యవసాయం అనుంది. నువ్వు ఉన్నదున్నట్టు చెప్తివి, గందుకే అడుగుతున్నరు."

మినహాయింపంటే సర్కారు నా కష్టం చూసి ఒక అడుగు వెనక్కి వేయడమని అనుకునేదాన్ని. నా కుంటితనాన్ని నేనే బల్ల మీద పెట్టి, చాలినంత ఉందని వాళ్లచేత ఒప్పించుకోవడమని ఆ బెంచీ మీదే తెలిసింది.

నెల గడువు ఇంకా రెండు రోజులుంది. దాటితే బండి రోడ్డెక్కకూడదు. బడికి మళ్లీ షేర్ ఆటోనే గతి.

"కట్టి పారెయ్ బిడ్డా. నీకు జీతమొస్తది గదా," అన్నాడు నాన్న.

"కట్టలేక కాదు నాయినా. వాళ్లు ఇస్తమని గోడ మీద రాసిందే అడుగుతున్న."

నాన్న బండి వైపు చూసి, "మార్పు చేసింది అంటే... నేను పెట్టిచ్చిన చక్రాలేనా వాళ్లకు అడ్డం?" అన్నాడు. మర్నాడు వెళ్లి పన్ను కట్టేశాను. రసీదును నాలుగు మడతలు పెట్టి బ్యాగులో కుక్కాను. కోపంతోనే.

బండి మంచిగానే నడిచింది. వానాకాలం బురదలో కూడా నన్ను ఒక్కరోజూ ఆలస్యం చేయలేదు. కట్టిన పన్ను తిరిగి ఇమ్మని నేను పెట్టుకున్న రెండు అర్జీలకు మాత్రం జవాబు రాలేదు.

రెండేళ్ల తర్వాత భద్రాచలంలో ఎస్టీడీ బూత్ నడిపే ఒకతను, అతనికీ పోలియోనే, నా బండి చూసి అలాంటిదే కొన్నాడు. అదే మెకానిక్, అవే చక్రాలు. తోడు రమ్మంటే ఖమ్మం వెళ్లాను, పోట్లాటకు సిద్ధమై. ఆఫీసులో కొత్త అధికారి ఉన్నాడు. సర్టిఫికెట్ చూశాడు, కిటికీలోంచి బండి చూశాడు, సంతకం పెట్టాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. పుస్తకం తీయనే లేదు.

అతను కాగితాలు తీసుకుని బయటికి వెళ్లాక, నా అర్జీల నకళ్లు అధికారి ముందు పెట్టాను.

"మీరు కట్టేసిన్రు కదా మేడం," అన్నాడు మర్యాదగానే. "కట్టినంక మినహాయింపు ఏముంటది?"

బయట హోటల్లో అతను చాయ్ చెప్పాడు. సంతోషంతో అతనికి మాట ఆగడం లేదు. నాకూ సంతోషంగానే ఉంది.

"మీకెన్ని రోజులు పట్టిందక్కా?" అని అడిగాడు.

"నాకు రాలేదు," అన్నాను.

అతను గ్లాసు కింద పెట్టేశాడు.