ప్రస్థానం పెట్టిన బ్యాగు

మేము వెళ్ళని ఒక ఊరి గురించి నాకు తెలిసినంత, ముప్పై ఏళ్ళుగా కాపురముంటున్న విజయవాడ గురించి కూడా తెలియదు. టర్కీ దేశంలో కప్పడోకియా అనే చోటు అది. అక్కడ రాళ్ళు పుట్టగొడుగుల్లా నిలబడి ఉంటాయి. వాటిని తొలిచి మనుషులు ఇళ్ళు చేసుకున్నారు, పావురాలకు గూళ్ళు కట్టారు. ఏ లోయలో దిగితే ఎక్కడ తేలతామో, ఏ గుట్ట మీద నిలబడి పొద్దు గుంకడం చూడాలో, నడక మధ్యలో టీ ఎక్కడ దొరుకుతుందో అన్నీ నాకు కంఠతా వచ్చు. మా ఆయన ఏడాది పాటు రోజూ సాయంత్రం చదివి వినిపిస్తే రాక ఏం చేస్తుంది?

ఆయనది ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు. పెళ్ళయ్యాక మేము చేసిన ప్రయాణాలన్నీ ఎవరో ఒకరి పెళ్ళికో చావుకో చేసినవే. ఊరికే చూడ్డానికని ఎక్కడికీ వెళ్ళలేదు. అలాంటి మనిషి ఒకరోజు ఫోన్‌లో ఆ రాళ్ళ ఫొటో చూసి, అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఆపేశారు. నేను మున్సిపల్ స్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైనదాన్ని. అగ్నిపర్వతం బొమ్మ నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. అయినా దాన్ని చూడాలని నాకెప్పుడూ అనిపించలేదు. మాది చల్లపల్లి వైపు పల్లె. నల్లరేగడి తప్ప కాలికి రాయి తగలని నేల. రాళ్ళంటే నాకు మొదటినుంచీ గౌరవం లేదు.

"ఇది రాయి కాదే, బూడిద. అగ్నిపర్వతం కక్కిన బూడిద అలా గట్టిపడిపోయింది. మెత్తగా ఉంటది. ఉలితో గీస్తే వచ్చేస్తది" అనేవారు. నేను పాఠం చెప్పిన సంగతే నాకు పాఠంలా చెప్తుంటే నవ్వొచ్చేది. "పైన చూడు, ఆ నల్లటి బండ ఉంది చూశావా? అదీ గట్టిది. అదున్నంత కాలం కింద స్తంభానికి ఢోకా లేదు. అది గానీ జారి పడిందో, ఇక వానకీ గాలికీ అరిగిపోవడమే."

లేత్ మీద ఇనుము తిప్పీ తిప్పీ ఆయనకు ఏ వస్తువును చూసినా అది ఎక్కడ అరుగుతుందా అనే ధ్యాస. నన్ను మాత్రం అలా చూడలేదు. చూస్తే అప్పుడే దొరికిపోయి ఉండేదాన్ని.

ప్రయాణం రెండు నెలలుందనగా నాకు ఆయాసం మొదలైంది. మా ఫ్లాట్ రెండో అంతస్తులో. కూరల సంచితో మెట్లెక్కుతుంటే రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టుండేది. గ్యాస్ అనుకున్నాను. మనవాళ్ళకు గుండెలో వచ్చే ప్రతి నొప్పీ ముందు గ్యాసే కదా. వాము నమిలాను, సోడా తాగాను. మూడోసారి ఎడమ చెయ్యి కూడా లాగేసరికి, రిటైరైన టీచర్ల మీటింగు ఉందని ఆయనకు అబద్ధం చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఒంటినిండా వైర్లు తగిలించి, కదిలే పట్టీ మీద నడిపించారు. నాలుగు నిమిషాలకే ఆపేశారు.

"రక్తనాళాల్లో అడ్డం ఉన్నట్టుందమ్మా. యాంజియో చేసి చూడాలి. ఎంత తొందరగా అయితే అంత మంచిది. మీతో ఎవరన్నా వచ్చారా?" అని అడిగాడు డాక్టరు.

"లేదండీ. ప్రయాణం ఉంది. తిరిగొచ్చాక చేయించుకుంటాను."

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. "ప్రయాణమా?" అని మాత్రం అన్నాడు. నొప్పి వస్తే నాలిక కింద పెట్టుకోమని చిన్న మాత్రలు రాసిచ్చాడు.

ఇంట్లో ఎందుకు చెప్పలేదని తర్వాత అందరూ అడిగారు. ఆయన సరదా పాడవుతుందని అని అందరికీ చెప్పాను. అందులో సగమే నిజం. చెప్పేస్తే అది నిజమైపోతుందని నా భయం. మా అమ్మ ఇలాగే రొమ్ము పట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చుండిపోయింది. కాఫీ గ్లాసు కూడా కింద పెట్టకుండానే పోయింది. అప్పటికి ఆమెకు నా ఇప్పటి వయసే. రిపోర్టు బయటకు తీస్తే ఆ గుమ్మంలోకి నేనూ వచ్చేస్తానని, తీయకపోతే రానని, బడిపిల్లలు కూడా నవ్విపోయే లెక్క ఒకటి వేసుకుని కూర్చున్నాను.

నా హ్యాండ్‌బ్యాగులో ఏదీ దాచడానికి లేదు. స్కూటరు తాళాల కోసం, కళ్ళజోడు కోసం ఆయన దాన్ని రోజుకు నాలుగుసార్లు తిరగేస్తారు. అందుకని ఫైలునూ మాత్రలనూ మందుల చీటీనీ ప్రయాణానికి సర్దిన చిన్న చక్రాల బ్యాగులో, స్వెట్టర్ల అడుగున పెట్టాను. అది నేను సర్దిన బ్యాగు. దాన్ని ఆయన ముట్టుకోరని ధైర్యం.

అయితే మా ప్రయాణం శుక్రవారం. శుక్రవారం పడమటికి బయల్దేరడం పనికిరాదు, వారశూల. ఈ మాట మా ఆడపడుచు అన్నది. ఆవిడ మా ఆయనకు పెద్దక్క, మైలవరంలో ఉంటుంది. భర్త పోయాక పంచాంగమే ఆవిడకు దినపత్రిక. టిక్కెట్లు మార్చడం కుదరదంటే, "అయితే ప్రస్థానం పెట్టండి" అంది. మంచి రోజు చూసి మన సామానులో ఒకటి ముందుగా, వెళ్ళే దిక్కున ఉన్న వేరే ఇంట్లో పెట్టిరావడమే ప్రస్థానం. అంటే ఆ రోజునే మనం బయల్దేరినట్టు లెక్క. తర్వాత దుర్దినాన కదిలినా దోషం అంటదు. పెట్టిన సామాను మాత్రం మళ్ళీ ఇంటికి తేకూడదు, దారిలో తీసుకుపోవాలి. తెస్తే ప్రయాణం చెడినట్టే. సోమవారం మంచిదంది. మైలవరం నిజానికి ఉత్తరాన గానీ, దారి ముందు పడమటికే పోతుంది కనుక చాలంది.

నేను ఒక పాత గుడ్డసంచిలో చీర, పంచె, గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము పెట్టి తలుపు పక్కన ఉంచి బ్యాంకు పని మీద వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గుడ్డసంచి తలుపు పక్కనే ఉంది. చక్రాల బ్యాగు లేదు.

"గుడ్డసంచి మనతో టర్కీ రాదు కదే. నిజంగా వచ్చే బ్యాగే పెడితే నిజంగా బయల్దేరినట్టు. అక్క కూడా సంతోషపడింది" అన్నారాయన, స్కూటరు మీద మైలవరం వెళ్ళొచ్చిన మొహం కడుక్కుంటూ.

నా ఫైలూ మాత్రలూ చీటీ అన్నీ అందులోనే. ఇన్నేళ్ళు బళ్ళో మూఢనమ్మకాల గురించి పాఠాలు చెప్పినదాన్ని, బ్యాగు వెనక్కి తెమ్మనడానికి నోరు రాలేదు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? అదొక్కటే కాదు. ప్రస్థానం వెనక్కి వస్తే ప్రయాణం చెడుతుందన్న మాట నా మనసులో దిగబడింది. ఏ ప్రయాణం అనేది మాత్రం ఆలోచించడానికి భయమేసింది.

ఆ సాయంత్రం ఆయన మామూలుగానే మ్యాపు పరిచి కూర్చున్నారు. రెండో రోజు నడక చదివారు. మధ్యలో రెండుసార్లు ఆగి, "వింటున్నావా?" అన్నారు. వింటున్నానన్నాను. అంతకుముందు ఎప్పుడూ అలా అడగలేదని నాకప్పుడు తట్టలేదు.

మంగళవారం మధ్యాహ్నం బట్టలు మడత పెడుతుంటే నొప్పి వచ్చింది. మెట్లెక్కలేదు, బరువు మోయలేదు. ఊరికే కూర్చుని ఉండగా వచ్చింది. దవడలోకి పాకింది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. మంచం కోడు పట్టుకుని, ఇంటి సీలింగు ఫ్యాను వైపు చూస్తూ, అది ఎన్నిసార్లు తిరిగితే ఈ నొప్పి పోతుందా అని లెక్కపెట్టాను. చచ్చిపోతానేమోనని కాదు, చచ్చిపోతున్నానని అనుకున్నాను. పది నిమిషాలకు తగ్గింది. మా వీధి మందుల షాపతను ఆయనకు స్నేహితుడు కనుక, రెండు వీధులు దాటి వేరే షాపుకు వెళ్ళాను.

"చీటీ ఉందామ్మా? గుండె మాత్రలు చీటీ లేకుండా ఇవ్వను" అన్నాడు అతను. చీటీ కూడా మైలవరంలో ప్రస్థానం చేస్తోంది.

ఆ డాక్టరు దగ్గరికే మళ్ళీ వెళ్ళొచ్చు కదా అంటారు. వెళ్తే ఆయన నన్ను ఇంటికి పంపడని నాకు తెలుసు. భయం మనిషిని ఎంత తెలివితక్కువగా నడిపిస్తుందో చెప్పడానికి నాకంటే మంచి ఉదాహరణ దొరకదు.

బుధవారం పొద్దున ఆయన షాపుకు వెళ్ళగానే మైలవరం బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాను. ఇబ్రహీంపట్నం దాటాక కొండలు మొదలయ్యాయి. వానకు కొండ మీది బండ జారి ఇంటి మీద పడిందన్న వార్త విజయవాడలో ఏటా వింటాం. విన్న ప్రతిసారీ, ఆ ఇంట్లోవాళ్ళకు పైన బండ ఉందని తెలుసు కదా, తెలిసీ ఎలా పడుకున్నారు అని అనేదాన్ని. ఆ రోజు బస్సులో నాకు ఆ మాట అనే హక్కు లేదనిపించింది. తెలిసీ పడుకోవచ్చు. రెండు నెలల నుంచీ నేను చేస్తున్నది అదే.

కొండపల్లి దాటుతుండగా మళ్ళీ పట్టుకుంది. ఈసారి పది నిమిషాల్లో పోలేదు. ముందు సీటు కడ్డీకి నుదురు ఆనించి, దేవుణ్ణి కాదు, ఆ చిన్న మాత్రను తలుచుకున్నాను. పక్క సీటావిడ నీళ్ళ సీసా అందించి, "తిప్పుతోందా అమ్మా?" అంది. అవునన్నాను. ఆ పరిస్థితిలో కూడా అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో.

బస్టాండు నుంచి ఆటోలో మా వదినగారింటికి వెళ్ళాను. ఆవిడ వసారాలో మజ్జిగ చిలుకుతోంది. నన్ను చూసి కవ్వం వదిలేసి లేచింది. ఏం వచ్చావని అడగలేదు, కాళ్ళకు నీళ్ళివ్వలేదు. లోపలికి కూడా వెళ్ళకుండా, అక్కడే తన కొంగు ముడి విప్పింది. అందులో నా మాత్రల షీటు ఉంది.

"నోరు తెరువు" అంది. నాలిక పైకెత్తాను. తనే మాత్ర పెట్టింది. నన్ను చాప మీద వెల్లకిలా కాకుండా గోడకు ఆనించి కూర్చోబెట్టింది. అంతా తెలిసిన చేతులు.

కాసేపటికి నా ఊపిరి కుదురుకున్నాక చెప్పింది. "కందిపొడి పొట్లం పెడదామని సోమవారమే బ్యాగు తీశానే అమ్మాయ్. స్వెట్టర్ల కింద ఫైలు కనపడింది. నాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ గీతలు రావా? మీ అన్నయ్యగారికి ఎన్నిసార్లు తీయించలేదూ అవి. ఇలాంటి మాత్రలే ఆయన దిండు కింద కూడా ఉండేవి."

"మీ తమ్ముడికి చెప్పారా?"

"తమ్ముడు అప్పటికింకా వాకిలి దాటలేదు. ఫైలు చేతిలో పెట్టా. ఆ అరుగు మీదే కూలబడ్డాడు. మాత్రలన్నా తీసుకుపోరా అంటే, నీ కంట పడితే తెలిసిపోతుందని వద్దన్నాడు."

అంటే సోమవారం మొహం కడుక్కుంటూ నాతో మాట్లాడేటప్పటికే ఆయనకు తెలుసు. రెండో రోజు నడక చదివేటప్పుడు తెలుసు. నాకు ముందు భయం తగ్గి కోపం వచ్చింది. తర్వాత కోపం కూడా నిలబడలేదు.

వదినగారు ఫోన్ చేసినట్టుంది. గంటలో ఆయన కారు మాట్లాడుకుని వచ్చారు. షాపు బట్టల్లోనే, చేతులకు గ్రీజుతోనే వచ్చారు. నా ఎదురుగా కింద కూర్చున్నారు.

"టిక్కెట్లు సోమవారమే రద్దు చేశా. రేపు పొద్దుటికి ఆస్పత్రిలో చెప్పి ఉంచా. ఏదో వంక చెప్పి తీసుకుపోదామని" అన్నారు.

"తెలిసి నాతో ఎందుకు అనలేదండీ? ఈలోగా నేను పోతే?"

"అంటే ఆ మాటకే నీకేమన్నా అవుతదేమోనని. నువ్వే చెప్తావేమోనని కూడా చూశా." ఆయన నా మొహం వైపు చూడలేదు. "రెండు రోజుల్నుంచీ నాకు నిద్ర లేదు. నీ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకోవడమే సరిపోతోంది."

ఇద్దరం కలిసి ఎంత పెద్ద తప్పు చేశామో ఆ వసారాలో నాకు తెలిసింది. నాకు భయమని ఆయనకు చెప్పలేదు, ఆయనకు భయమని నాకు చెప్పలేదు. ఎవరి భయం వాళ్ళం దాచుకుని, ఒకే మ్యాపు మీదికి వంగి కూర్చున్నాం. మధ్యలో నా ప్రాణం పోయేది.

రేపటి దాకా ఆగలేదు. అదే కారులో విజయవాడ వచ్చేశాం. ఆస్పత్రిలో నన్ను చక్రాల మంచం మీద పడుకోబెట్టి, గాజులు తీయించి, ఒక పొడుగాటి వరండాలోంచి తోసుకెళ్ళారు. చివర ఉన్న తలుపు దగ్గర ఆపి, నర్సు నా మీదికి వంగింది. చిన్నపిల్ల, నా దగ్గర చదువుకున్న పిల్లలంత ఉంటుంది.

"భయమేస్తోందా అమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.

ఆయన మంచం కడ్డీ వదలకుండా నిలబడి ఉన్నారు. గ్రీజు ఇంకా కడుక్కోలేదు.

"వేస్తోందమ్మా" అన్నారు ఆ అమ్మాయితో. "ఇద్దరికీ."