సీలు విప్పిన అగ్గిపెట్టె

పదకొండు దాటి పావుగంటయింది. ఎండ నెత్తి మీద కూర్చుంది. పడమటి గాలి ఆగి ఆగి, పొడిగా వీస్తోంది. తెల్లారి తాగిన టీ తప్ప నా కడుపులో ఏమీ లేదు. చెట్టు కింద కూలబడి డబ్బా మూత తీశానో లేదో, కొండ కింద పొగ లేచింది. తిండి మీద ధ్యాస అక్కడితో పోయింది.

మేం పదకొండు మందిమి. అభయారణ్యంలో ఫైర్ లైన్ కొట్టే కూలీలం. ఫైర్ లైన్ అంటే పెద్ద విద్యేమీ కాదు. అడవిలో పదడుగుల వెడల్పున గడ్డి కోసి, ఆకులు ఊడ్చి, పుల్లముక్క కూడా మిగలకుండా వట్టి మట్టిబాట చేస్తాం. కార్చిచ్చు అక్కడిదాకా వచ్చి, తినడానికి ఏమీ దొరక్క ఆగాలి. చిన్న మంటయితే ఆగుతుంది. పెద్దదయితే మన బాటని గడప దాటినట్టు దాటేస్తుంది.

మా మీద ఒక గార్డు ఉండేవాడు. అందరూ ఆయన్ని సోదా బాబాయ్ అనేవాళ్ళు. కొత్తగా పనికొచ్చినవాళ్ళు సోడా అనుకుని, "బండి ఎక్కడ పెడతాడు?" అని అడిగేవాళ్ళు. మర్నాడు పొద్దున చెక్‌పోస్టు దగ్గర వాళ్ళకి అర్థమయ్యేది. లోపలికి వెళ్ళే ప్రతివాడినీ నిలబెట్టి జేబులు, డబ్బా, తలపాగా, చెప్పులతో సహా సోదా చేసేవాడు. దొరికిన అగ్గిపెట్టెకి చీటీ కట్టి, పేరు రాసి, చెక్‌పోస్టు వెనకాల తన గదిలో గూట్లో పెట్టేవాడు. సాయంత్రం బయటికొచ్చేటప్పుడు ఎవరిది వాళ్ళకి ఇచ్చేవాడు. పుల్లలు లెక్కపెట్టుకోమనేవాడు కూడా. ఆ గదిలో ఇనప మంచం, ఒక స్టవ్వు, వైర్‌లెస్ బ్యాటరీ చార్జింగు పెట్టే బల్ల, ఆ గూడు. మనిషి నిలబడితే ఇంకో మనిషి తిరగడానికి చోటుండేది కాదు. ఆయనా పిన్నీ అందులో ఇరవై రెండేళ్ళు కాపరం చేశారు.

సొంత బావమరిది వాగు ఒడ్డున సిగరెట్ వెలిగించాడని కేసు రాశాడు ఒకసారి. మూడు నెలలు పిన్ని ఆయనకి తిండి పెట్టింది గాని, మాట పెట్టలేదు. "ఈయనకి కాగితం మీద ఎక్కిందే నిజం, మిగతాదంతా గాలి" అనేది మా దగ్గర. ఆయన విని కూడా విననట్టు బూట్లు తుడుచుకునేవాడు.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి వాగు దగ్గర తేనె తీసేవాడొకడు దొరికాడు. తేనెటీగల్ని పొగబెట్టి లేపుతారు కాబట్టి, వాడి దగ్గర అగ్గిపెట్టె ఉంది. బాబాయ్ దాన్ని గుడ్డ కవర్లో పెట్టి, దారం కట్టి, లక్క కరిగించి సీలు వేశాడు. పంచనామా రాశాడు. ఫలానా రోజు, తొమ్మిది గంటలు, పుల్లలు ముప్పై ఒకటి. సాక్షి సంతకం నా చేత పెట్టించాడు. నాకు నా పేరు రాయడం తప్ప పెద్దగా చదువు రాదు. తేనెవాణ్ణి ఇంకో గార్డు చెక్‌పోస్టుకి నడిపించుకుపోయాడు. సీలు కవరు మాత్రం బాబాయ్ భుజాన సంచిలోనే ఉండిపోయింది.

తర్వాత రెండు గంటలకి పొగ. ఎలా పుట్టిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

బాబాయ్ అప్పుడు కింద వాగు దగ్గర ఉన్నాడు. వైర్‌లెస్ మా మేస్త్రి చేతిలో ఉంది. బటన్ నొక్కి, "సార్, కింద మంట లేచింది. మేం పైన ఫైర్ లైన్ దగ్గర ఉన్నాం. దిగిపోమంటారా?" అని అడిగాడు. అవతల రేంజర్ గారు. కాసేపు గరగర. తర్వాత గొంతు వచ్చింది.

"లైన్‌లో ఉండండి."

అంతే. తర్వాత సెట్టు మూగబోయింది. సార్ ఉండమన్నారు కదా అని మేం లైన్‌లోనే ఉన్నాం. పదడుగుల మట్టిబాట మీద వరసగా, చేతుల్లో పచ్చి కొమ్మలు పట్టుకుని, ఇరవై నిమిషాలు నిలబడ్డాం. వెనక లోయ, నిట్టనిలువు. దిగడానికి ఉన్న దారి ఒక్కటే, అదీ పొగ లేచిన వైపే.

పొదల్లోంచి బాబాయ్ వచ్చాడు. చొక్కా ముళ్ళకి చీలి వేలాడుతోంది. ఆయన ఉన్న చోటి నుంచి కింద రోడ్డుకి రెండొందల గజాలు లేదు. ఆయన పైకి వచ్చాడు.

"ఇంకా ఇక్కడేం చేస్తున్నార్రా?"

"రేంజర్ గారు లైన్‌లో ఉండమన్నారు బాబాయ్" అన్నాడు మేస్త్రి.

"ఏ లైన్రా?"

మేస్త్రి కాళ్ళ కింద మట్టి చూపించాడు. బాబాయ్ ఆ మట్టి వైపు చూశాడు, మేస్త్రి చేతిలో వైర్‌లెస్ వైపు చూశాడు. "ఫోన్ పెట్టెయ్యకుండా లైన్‌లో ఉండమన్నాడ్రా ఆయన" అన్నాడు నెమ్మదిగా. అప్పటికి దారి మూసుకుపోయింది.

మంట వస్తుంటే ముందు చప్పుడు వస్తుంది. బరువెక్కిన లారీలు పది ఒకేసారి కొండెక్కుతున్నట్టు. కుందేళ్ళు, కణుజులు, పాములు మా మధ్య నుంచే పోయాయి. ఒక జింక నా మోకాలికి రాసుకుంటూ పోయింది. దానికి నేను మనిషినన్న భయం లేదు, నాకు అది జింకన్న ధ్యాస లేదు. పొగ వెనక చెట్ల కంటే ఎత్తున ఎర్రగా ఏదో లేస్తోంది. అంత పెద్దది నేను పుట్టాక చూడలేదు. భయం కూడా కాసేపు మరిచిపోయి, నోరు తెరుచుకుని చూశాను.

"అగ్గిపెట్టె ఎవరి దగ్గరుంది?" అన్నాడు బాబాయ్.

మాలో బక్కన్న అని ఒకడుండేవాడు, చావు ముందు కూడా వాడి నోరు ఊరుకోదు. "పొద్దున చెప్పులు కూడా ఇప్పించి వెతికావు కదా బాబాయ్, ఇప్పుడడిగితే ఎక్కణ్ణుంచి తెస్తాం?"

ఎవరో నవ్వారు కూడా. బాబాయ్ సంచిలో చెయ్యి పెట్టాడు. సీలు వేసిన కవరు తీశాడు. అది ఆయన సొత్తు కాదు, కోర్టు సొత్తు. దాని వైపు చూస్తూ ఒక ఊపిరి తీసుకునేంతసేపు ఆగాడు. తర్వాత లక్కని పంటితో కొరికి ఊశాడు.

ఎదురు మంట పెడతాడని అప్పుడు అర్థమైంది. వచ్చే మంటకి ఎదురుగా మనమే ఇంకో మంట పంపితే, మధ్యలో ఉన్న గడ్డి అది తినేస్తుంది, పెద్దదానికి ఏమీ మిగలదు. వినడానికి బాగుంటుంది. కానీ గాలి మా ముఖాన కొడుతోంది. వెలిగిస్తే మా మీదికే వస్తుంది.

ఆయన వెలిగించలేదు. లైన్ అంచున గొంతుక్కూర్చుని, గుప్పెడు దుమ్ము తీసి వేళ్ళ సందుల్లోంచి వదిలాడు. దుమ్ము మా వైపు వచ్చింది. మళ్ళీ వదిలాడు. మా వైపే.

"వెలిగించు బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది మేస్త్రి పెళ్ళాం, మేమందరం వదిన అనేవాళ్ళం.

"ఆగమ్మా. అది దగ్గరికొచ్చేకొద్దీ దానికి గాలి చాలదు. మన వైపు గాలి కూడా తనలోకి లాక్కుంటుంది. అప్పుడు."

"అప్పటికి మనం ఉండాలి కదా" అన్నాడు బక్కన్న.

"ఉంటాం. ముఖాలకి తడిగుడ్డ కట్టుకోండి."

మళ్ళీ దుమ్ము. మళ్ళీ. నా కనురెప్పల వెంట్రుకలు వేడికి ముడుచుకుపోయాయి. ఆయన చెయ్యి మాత్రం విత్తనాలు జల్లేవాడి చెయ్యిలా నెమ్మదిగా లేచి దిగుతోంది. ఒకసారి దుమ్ము తిన్నగా కిందపడింది. ఆ తర్వాతి గుప్పెడు మంట వైపు వంగి పోయింది.

మొదటి పుల్ల విరిగింది. రెండోది వెలిగింది. గడ్డికి ముట్టించి, లైన్ అంచు వెంబడి వంగి నడుస్తూ ముట్టిస్తూ పోయాడు. మేం వెనక నుంచి పచ్చి కొమ్మలతో కొట్టి, ఇటు పాకకుండా చూశాం. ఆయన పెట్టిన మంట ముందు పాకింది, తర్వాత లేచి నిలబడింది, తర్వాత పరిగెత్తింది. తల్లి దగ్గరికి పోయే పిల్లలా పోయింది ఆ పెద్ద మంటలోకి. రెండూ కలిసిన చోట ఒక్కసారి ఆకాశం దాకా లేచాయి. మేం బోర్లా పడిపోయాం. తల ఎత్తేసరికి చప్పుడు లేదు. ఎదురుగా నల్లటి నేల, నిలబడి పొగలు కక్కుతున్న మొద్దులు. అంతసేపు మమ్మల్ని మింగడానికి వచ్చినది అక్కడే ఉండేదని నమ్మడానికి ఏమీ మిగల్లేదు.

బాబాయ్ మమ్మల్ని లెక్కపెట్టాడు. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాడు.

ఆయన పెట్టిన మంట ఒక పక్క నుంచి జారి, శిఖరం మీద సందర్శకుల కోసం కట్టిన చెక్క మంచెని కాల్చేసింది. పైవాళ్ళ రాతపూర్వక ఆర్డరు లేకుండా అభయారణ్యంలో అగ్గి వెలిగిస్తే గార్డయినా సరే ముద్దాయే. ఉద్యోగం పోతుంది.

మూడో రోజు రేంజర్ గారు ముందు నన్ను పిలిచారు. బల్ల మీద కొత్త పంచనామా ఉంది. తేనెవాడి అగ్గిపెట్టె పట్టుకున్నది తొమ్మిదింటికి కాదు, పన్నెండింటికి అని చదివి వినిపించారు. అంటే మంటలన్నీ వాడు పెట్టినట్టు. పొగకి ఎర్రబడ్డ కళ్ళతో, "ఇక్కడ పెట్టు. రేపట్నుంచి నీకు పనుంటుంది" అన్నారు. లైన్‌లో ఉండమన్న మాట ఆయన్నీ నిద్రపోనివ్వలేదనుకుంటాను. నేను పెట్టాను.

బయటికొచ్చి కిటికీ పక్కన నిలబడ్డాను. బాబాయ్ లోపలికి వెళ్ళాడు.

"నాలుగు నెలల్లో రిటైరవుతున్నావు బాబాయ్" అన్నారు రేంజర్ గారు. "మూడు గంటలు అటూ ఇటూ అయితే ఎవడికి నష్టం?"

"వాడికి, సార్. ఏళ్ళ తరబడి జైల్లో ఉంటాడు."

"వాడేమన్నా సాధువా? తేనె తీశాడు కదా."

"తీశాడు. తేనెకి రాశాను. మంటకి రాయలేను."

"నీ సాక్షి పన్నెండే అంటున్నాడు మరి. చూడు."

బాబాయ్ కాగితం చూశాడు. నా పేరు వంకరగా, పెద్దపెద్ద అక్షరాల్లో ఉంటుంది, దూరం నుంచి కూడా పోల్చుకోవచ్చు. కిటికీ వైపు తల తిప్పాడు. నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను. ఆయన ఆ కాగితాన్ని బోర్లా పెట్టి, తెల్ల కాగితం ఒకటి తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. సీలు నేనే విప్పాను, మంట నేనే పెట్టాను, ఆ సమయానికి ఆ మనిషి చెక్‌పోస్టులో ఉన్నాడు. రాస్తూ పైకి చదువుకోవడం ఆయన అలవాటు, అందుకే నాకు తెలుసు.

శనివారం తేనెవాణ్ణి మంట కేసు నుంచి వదిలేశారు. సోమవారం బాబాయ్ మీద విచారణ అన్నారు, పదకొండు మందీ రావాలన్నారు. ఆయన రాసింది నిజమైతే నా సంతకం దొంగ సాక్ష్యమవుతుంది. వెళ్ళి ఒప్పేసుకుందామని ఆదివారమంతా అనుకున్నాను. ఆ మాట ముందు ఆయనతో చెప్పాలని సోమవారం పొద్దున్నే గది దగ్గరికి వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. నేల కడిగి ఉంది, ఇంకా తడి ఆరలేదు. ఇనప మంచం గోడకి నిలబెట్టి ఉంది. పిన్ని స్టవ్వు లేదు.

ఆఫీసు మెట్ల మీద రేంజర్ గారు కనిపించారు.

"విచారణ లేదు. పనికి పోండి" అన్నారు. "తప్పు ఒప్పుకుని రాజీనామా ఇచ్చాక ఇంకేం విచారణ. ఇచ్చేటప్పుడు ఒక్కటే అడిగాడు. నీ సంతకం ఉన్న కాగితం తన కళ్ళ ముందు చించమన్నాడు. చించాను."

"ఎటు వెళ్ళారు సార్?"

"తెలీదు. మొదటి బస్సెక్కారట ఇద్దరూ."

"నాకేమన్నా చెప్పమన్నారా?"

"లేదు" అన్నారు. "ఏమీ చెప్పలేదు."