నేను ఆగిన చోట

పోయిన నెల ఒక ఉదయం బావ కూతురు ఫోను చేసి, "మావయ్యా, నాన్న లేరు" అంది. "వస్తున్నానమ్మా" అని మాత్రం అనగలిగాను. మీరు ఆయన్ని కవిగా ఎరుగుదురు. నాకు బావ. చుట్టరికం కాదు, రేవులో కలిసి పనిచేసిన రోజుల పిలుపు.

ఆయన క్రేను నడిపేవాడు. నేను గోడౌన్లో పద్దులు రాసేవాణ్ణి. బడికి వెళ్ళినవాణ్ణి కాను, లారీల మీద రాతలు చూసి చదవడం నేర్చుకున్నాను. అందుకేనేమో, బావ రాసిన ప్రతి కవితా నాతో చదివించుకునేవాడు. ఆదివారం మధ్యాహ్నం వన్‌టౌన్‌లో వాళ్ళ అరుగు మీద కూర్చుని, రేవు నుంచి గాలికి వచ్చి కాగితం మీద వాలిన బొగ్గు పొడి ఊది నా చేతికిచ్చి, కళ్ళు మూసుకునేవాడు. నేను తడబడితే కాగితం లాక్కుని ఆ వాక్యం పెన్సిల్‌తో కొట్టేసేవాడు.

"నువ్వాగిన కాడ నా తప్పుంటాది బావా. కూడబలుక్కుని సదివీవోడికి అడ్డం పడితే అది కవిత్వమేటి, రోడ్డు మీద రాయి."

ఒకసారి దగ్గొచ్చి ఆగాను. ఆ మాట చెబితే నవ్వి, కొట్టేసింది మళ్ళీ రాసుకున్నాడు. అంటే చెబితే వినేవాడే.

నా భార్య పోయిన మూడో నెలలో, బావ తన తల్లి మీద రాసిన కవిత ఇచ్చాడు. "ఓడ వెళ్ళాక నీళ్ళు కలిసిపోతాయి, గుమ్మం దగ్గర ఆమె చెప్పులు కదలవు" అని ఉంది. మా గుమ్మంలోనూ చెప్పులు అలాగే ఉన్నాయి. అక్కడే ఆగిపోయాను. ఆయన కొట్టేశాడు. అది ఆయన రాసినవాటిలో మంచి వాక్యమని నాకు తెలుసు. చెప్పలేదు. ఆ రోజు పద్దు పుస్తకంలో "బావ ఇంట్లో చదివాం" అని మాత్రం రాసుకున్నాను. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు వచ్చాయి. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఆయన కవితల పుస్తకం అచ్చుకి వెళుతోంది. మొన్న ఆ అరుగు మీదే అమ్మాయి ప్రూఫులు చూపించింది. ఆ వాక్యం లేదు. జరిగింది చెప్పాను.

"నాన్న కొట్టేసిన మాట నాను ఎలా ఎక్కిత్తాను మావయ్యా?"

"మీ నాన్న తప్పు కాదమ్మా. నేను ఏడుపు దాచుకున్నాను."

లోపలికెళ్ళి పాత కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. "సదువు."

చదివాను. మళ్ళీ అక్కడే ఆగాను. ఆమె తొందరపెట్టలేదు. ఆగి ఆగి, చెప్పుల దాకా చదివేశాను.

ఆమె ప్రూఫు అంచున ఆ వాక్యం పెన్నుతో రాసింది. బావ ఒప్పుకునేవాడో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. సిరా ఆరకముందే దాని మీద బొగ్గు పొడి వాలింది. ఆమె వంగి, అచ్చం వాళ్ళ నాన్నలాగే, మెల్లగా ఊదింది.